కార్తీకంలో బొమ్మిడాయిలు

నా గుండెకు స్టెంటు వేసిన ఏడాది, కార్తీకమాసమంతా ఇంట్లో నీచు వండనని నా భార్య నా పేరున మొక్కుకుంది. నేనూ నోరు కట్టుకున్నాను. తను అల్లిన లేసు షావుకారుకి ఇచ్చి రావడానికి మాత్రం ఎప్పటిలాగే వారం వారం నరసాపురం రేవులో పంటు ఎక్కి అవతలి ఒడ్డుకు వెళ్ళేది.

ఒకనాడు చేపలమ్మే మనిషి మా గుమ్మంలో బుట్ట దించింది. కార్తీకంలో మేం ముట్టం అన్నాను.

"అదేంటండీ తాతగారూ! మొన్న అవతల రేవులో మామ్మగారు బొమ్మిడాయిలు తీసుకున్నారు కదండీ. లేసు షావుకారుగారింట్లో వంటంతా ఆవిడదేగా!" అని నవ్వింది. నా ముఖం చూసి, గబగబా బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ షావుకారు భార్య పోయినవాడు. సాయంత్రం నిలదీస్తే నా భార్య తల కూడా దించలేదు.

"అవునండి. ఆయనతో నాకు చాలా ఏళ్ళ నుంచీ ఉంది. కానీ మొక్కు తప్పలేదండి. మనింట్లో వండనన్నాను, వండలేదు."

వాడితో సంబంధం కన్నా ఆ మాటే నన్ను ఇప్పటికీ మండిస్తుంది. నా ప్రాణం పేరు చెప్పి నాకు చప్పిడి కూడు, వాడికి బొమ్మిడాయిల పులుసూనా? ఈ వయసులో రచ్చకెక్కలేక ఒకే ఇంట్లో ఉంటున్నాం. నా అన్నం నేనే వండుకుంటున్నాను. తాతగారు మామ్మగారికి ఎంత సాయమోనని వీధివాళ్ళు మెచ్చుకుంటారు. ఆ పంటు ఎక్కనివాళ్ళెవరు వీళ్ళలో? ఒక్కరైనా నాకు చెప్పారా?

కిందటి కార్తీకంలోనూ ఆవిడ నా పేరున దీపం పెట్టింది. నేను లేచి వెళ్ళి, చెంబుడు నీళ్ళు పోసి ఆర్పేశాను.