ఉల్లిపాయల కాటా మీద సంచీ

పెద్దమ్మ పోయిందని అన్నయ్య ఫోన్ చేసినప్పుడు నేను ఏలూరులో మా ఇంట్లో మంచం మీద బట్టలన్నీ పరుచుకుని సంచీ సర్దుకుంటున్నాను. ఇంకో మూడు వారాల్లో ఆవిడా నేనూ చిలికా సరస్సుకు వెళ్ళాలి. "పొద్దున్నే కాఫీ తాగి కుర్చీలో కూర్చుందమ్మా. కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది" అన్నాడు అన్నయ్య. ఏడుపు కంటే ముందు నాకు ఆశ్చర్యం వేసింది. పెద్దమ్మ ఇంట్లో కుదురుగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ కూర్చునేది రైల్లోనే.

మా అమ్మకు అక్క ఆవిడ. తాడేపల్లిగూడెంలో పెదనాన్నది ఉల్లిపాయల కొట్టు. ఆయన పోయాక కొట్టు వాళ్ళబ్బాయి, మా అన్నయ్య చేతికొచ్చింది, పెద్దమ్మ ఒక సంచీ భుజాలకు తగిలించుకుని దేశం మీద పడింది. చుట్టాలు అవి తీర్థయాత్రలనుకుని ప్రసాదాలు అడిగేవారు. దారిలో గుడి కనిపిస్తే దణ్ణం పెట్టుకునేది గానీ, ఆవిడ చూడబోయేది ఊళ్ళను. తిరిగొచ్చి రెండు రోజులు గడవకముందే ఫోన్లో బళ్ళ టైములు చూస్తూ ఉండేది. "ఇప్పుడా బండి రాయగడ దాటి ఉంటుందే" అనేది పప్పు రుబ్బుతూ, ఆ బండిలో తన సామాను ఏదో ఉండిపోయినట్టు.

ఖర్చు తక్కువలో తిరగడం ఆవిడకు ఒక పంతం. కొత్త ఊళ్ళో వెలుతురుండగా దిగాలి. దిగగానే తిరుగు బండి ఎప్పుడో కనుక్కోవాలి, అప్పుడే ఊరు చూడ్డానికి మనసు నిలుస్తుంది. పెద్దాసుపత్రి ఎదురుగా ఉన్న హోటల్లో తినాలి. "రోగుల చుట్టాలు తినే చోటే అది. ధరా ఎక్కువుండదు, పాచిదీ పెట్టరు." గది అద్దె మాట్లాడకముందే కుళాయి తిప్పి చూడాలి. నూలు చీర ఆరడానికి ఒక పూట తినేస్తుంది కాబట్టి సింథటిక్ చీరలు రెండే, ఒకటి ఒంటి మీద, ఒకటి తాడు మీద. ఊరు అర్థం కావాలంటే ఏదో ఒక సిటీ బస్సెక్కి చివరి స్టాపుదాకా వెళ్ళి, అదే బస్సులో వెనక్కి రావాలి. ఇవన్నీ ఆవిడ ఎవరికీ పాఠంలా చెప్పలేదు. కూరలు తరుగుతూనో, మెట్లు దిగుతూనో అనేసి వెళ్ళిపోయేది.

అన్నిటికంటే పెద్ద పరీక్ష కొట్లో ఉండేది. ప్రయాణానికి ముందు సంచీ తెచ్చి ఉల్లిపాయల కాటా మీద పెట్టాలి. ఆరు కిలోలు దాటిందా, అక్కడే మూటల మధ్య విప్పాలి. హమాలీలు నవ్వుకుంటూ చూస్తుంటే నేను ఒకసారి దుప్పటీ, రెండో జత చెప్పులూ, హెయిర్ డ్రయ్యరూ బయటికి తీశాను.

"ఒకవేళ అవసరమొస్తే?" అన్నాను.

"ఆ ఒకవేళలన్నీ తీసి బయట పెట్టవే. అవే బరువు" అంది.

నాకు నలభై ఆరేళ్ళొచ్చినా గణపవరంలో పెళ్ళికి కూడా ఒక్కదాన్నే వెళ్ళినదాన్ని కాదు. మా ఆయనో, మా తమ్ముడో పక్కనుండాల్సిందే. పెద్దమ్మకది నచ్చేది కాదు. "చిలికాకి నాతో రా. మన కొల్లేటి గూడబాతుల చుట్టాలు అక్కడా ఉంటాయట, పలకరించి వద్దాం. ఆ తర్వాతది నువ్వొక్కదానివే" అంది. ముందు ప్రాక్టీసు చేయాలని సంచులు పూర్తిగా సర్దించి, ఒకరోజు నన్ను కొల్లేరు వైపు తీసుకెళ్ళింది. ఏలూరులో బస్సెక్కి, మధ్యలో మారి, ఆకివీడు దగ్గర దిగి, చేపల చెరువుల గట్ల మీద నడిపించింది. ఎక్కడికీ వెళ్ళే పని లేదు. సంచీ మోస్తూ నడవడమే పని.

టీ కొట్టు దగ్గర ఆగాం. కొట్టావిడ మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఎక్కడికండీ మామ్మగారూ, అంతలేసి సంచులేసుకుని?" అంది.

"ఎక్కడికీ కాదండీ. మా అమ్మాయికి భుజాలు అలవాటు చేస్తున్నాను."

నా సంచీలో ఇంకా దాచుకున్న ఆవకాయ సీసా అప్పుడే బయటపడింది. పెద్దమ్మ దాన్ని కొట్టావిడ చేతిలో పెట్టేసింది. ఇంతలో వాన కురిసి ఇద్దరం తడిశాం. వాన వెలిశాక పెద్దమ్మ తాడు తీసింది. ఉల్లిపాయల గోనెలు కుట్టే పురికొసను రెండు పేటలుగా పేనిన తాడది. మెలికలో బట్ట కొస దూరిస్తే క్లిప్పులు లేకుండానే నిలుస్తుంది. కొట్టు గుంజకూ కరెంటు స్తంభానికీ కట్టి, "ఇటు నీది, అటు నాది" అంది. తర్వాత ఆ తాడు, సబ్బు నా సంచీలో వేసి, టార్చి, తాళం తన సంచీలో పెట్టుకుంది. ఇద్దరు వెళ్తున్నప్పుడు ఏదీ రెండేసి మోయకూడదట.

పెద్దకర్మ అయిన సాయంత్రం అన్నయ్య ఫోన్ పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. మా టిక్కెట్లు తీసింది అతనే. "ఒకటి క్యాన్సిల్ చేయనా, రెండూ చేసేయనా?" అన్నాడు. పక్కనున్న చుట్టాలావిడ అందుకుని, "నీకు మైల లేదులేమ్మా, అయినా మనసొప్పాలి కదా. ఏడాది తిరగనీ" అంది. ఏడాది తిరిగితే నేనిక కదలనని నాకు తెలుసు. అయినా, "తర్వాత చెప్తానులే" అని లేచాను.

ఆ వారమంతా నాకు కాలు నిలవలేదు. పొయ్యి మీద పాలు పెట్టి వీధిలోకి వెళ్ళేదాన్ని, ఎందుకు వెళ్ళానో గుర్తుండేది కాదు. సంచీ జిప్పు తీయడం, మళ్ళీ వేయడం. సాయంత్రాలు స్టేషన్‌కు నడిచి, ప్లాట్‌ఫారం టిక్కెట్టు కొని, బళ్ళు వచ్చి పోతుంటే చూసి ఇంటికొచ్చేదాన్ని. పెద్దమ్మ మీద కోపం వచ్చింది. నన్ను లేవదీసి నిలబెట్టి తను కూర్చుండిపోయింది.

ఒకరోజు అలాగే, ఈసారి సంచీ తగిలించుకుని వెళ్ళినదాన్ని, తాడేపల్లిగూడెం టిక్కెట్టు తీసుకున్నాను. అన్నయ్య కొట్లో ఉన్నాడు. సంచీ కాటా మీద పెట్టాను. అతను ఎర్ర అంకెలు చూశాడు. ఆరుకు కొంచెం తక్కువే వచ్చింది.

"టార్చీ తాళం లేవు కదా నీ దగ్గర" అని లోపలికి వెళ్ళాడు. పెద్దమ్మ సంచీ విప్పకుండా అలాగే పెట్టి ఉంచాడట. ఆ రెండూ తెచ్చి నా సంచీలో వేసి మళ్ళీ కాటా చూశాడు.

"సరిపోయిందమ్మా. ఒకటే క్యాన్సిల్ చేస్తాను" అన్నాడు. ఇద్దరం ఉల్లిపాయల మూటల మధ్య నిలబడి ఏడ్చాం.

వెలుతురుండగానే చిలికా ఒడ్డున బాలుగావ్‌లో దిగాను. తిరుగు బండి టైము కనుక్కున్నాను. ఆసుపత్రి ఎదురుగా తిన్నాను. గది కుళాయి తిప్పి చూశాకే సంచీ దించాను. పెద్దమ్మ టార్చి, తాళం బల్ల మీద పెట్టి, బట్టలు ఉతుక్కుని డాబా మీద తాడు కట్టి ఆరేశాను. ఆరేసి వెనక్కి జరిగి చూస్తే నా బట్టలన్నీ ఇరుక్కుని ఇటువైపే ఉన్నాయి. అటు సగం తాడు ఖాళీగా, సరస్సు మీది నుంచి వచ్చే గాలికి ఊగుతోంది.