ఇత్తడి పలక కింద నాలుగు చిల్లులు

“పడవ బాగుచెయ్యమన్నామా, నాన్నగారి పేరు పీకెయ్యమన్నామా?”

పడవల క్లబ్బు అధ్యక్షుడు ఇలా అడిగినప్పుడు జిగురక్క నేలమీద చతికిలబడి తడి ఫోమ్ పిండుతోంది. ఫైబర్ పడవలకు మాట్లు వేయడం ఆమె పని. చేతులకు ఎప్పుడూ జిగురే, అందుకే ఆ పేరు.

అది పిల్లలు నేర్చుకునే చిన్న తెరచాప పడవ. కూర్చునే బల్ల కింద మూసేసిన పెట్టె, దాని నిండా ఫోమ్. పడవ తిరగబడినా తేల్చేది ఆ ఫోమే. అదే నీళ్లు తాగితే కడుపులో బండ పెట్టుకున్నట్టే. ఇద్దరు ఒడ్డుకు లాగే పడవకు నలుగురు కావలసి వస్తోందని ఆమెను పిలిచారు.

అంతకుముందే ఆమె బల్లంతా సబ్బునీళ్లు పూసి, పెట్టెలోకి పంపుతో మెల్లగా గాలి కొట్టింది. అతుకులు మంచివే. బుడగలు వచ్చింది క్లబ్బు స్థాపించిన పెద్దాయన, అంటే అధ్యక్షుడి నాన్నగారి పేరుతో బిగించిన ఇత్తడి పలక స్క్రూల దగ్గర. ఎవరినీ అడక్కుండా పలక పీకేసింది. ఓ మూల వంగింది కూడా. అడిగి చేయడం ఆమెకు ఎన్నడూ చేతకాలేదు. ఆ తర్వాత సొంత డబ్బుతో కొత్త ఫోమ్ కొని నింపి, చిల్లులు పూడ్చి, ఊడదీసిన బల్ల మళ్లీ అతికింది.

“పలక మళ్లీ బిగిస్తేనే డబ్బు,” అన్నాడు అధ్యక్షుడు.

“జిగురుతో అంటిస్తానండి. సుత్తితో కొట్టినా ఊడదు.”

“అంటించడానికి అదేమన్నా సినిమా పోస్టరా? గౌరవమనేది ఒకటుంటుంది.”

పోయినవాళ్ల మీద గౌరవం మనకు ఎప్పుడూ ఇంకొకరి ఖర్చుతోనే పుట్టుకొస్తుంది.

క్లబ్బులో పడవలు చూసుకునేది ఆమె తమ్ముడే. మొదట ఆ పలక బిగించిందీ అతనే. “నాలుగు స్క్రూలే కదక్కా, బిగించి డబ్బు తీసుకోరాదూ,” అన్నాడు.

“పిల్లలు మునుగుతుంటే పెద్దాయన లేచొచ్చి పట్టుకుంటాడట్రా?”

“నీకేం, చేతులు దులుపుకుని పోతావు. రోజూ ఆ మొహం చూడాల్సింది నేను.”

“అయితే నువ్వే బిగించుకో. నా చేత్తో మాత్రం చెయ్యను.”

అతనే బిగించాడు, పూడ్చిన చిల్లుల పక్కనే. ఆమె డబ్బుకు వెళితే, పలక పాడుచేసినందుకు నువ్వే ఎదురివ్వాలన్నారు. తమ్ముడు అక్కడే తల వంచుకుని తాడు చుడుతున్నాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. బాగైన కొత్తలో ఇద్దరే లాగిన పడవను ఇప్పుడు ముగ్గురు లాగుతున్నారు.

కూలి మాట అటుంచితే, ఫోమ్ ఖరీదు ఆరువేల నాలుగువందలు ఆమెకు ఇంకా రావాలి.