పోటు కోసం ఆగమన్నాను

మాది ఉద్దానంలో సముద్రపు ఒడ్డు పల్లె. నా పెళ్లయిన కొత్తలో ఒక మధ్యాహ్నం వేట నుంచి మా ఆయన ఫోన్ చేశారు. ఇంజిన్ ఆగిపోయి, ఆయనా మావయ్యా తెరచాప మీద వస్తున్నారు.

"అయ్య సేతిలో టేకు సేప ముల్లు దిగిపోనాది. నెత్తురాగట్లేదు. మొగలోకి వచ్చేయొచ్చా? నీ ఫోన్‌లో సూసి సెప్పు."

టేకు చేప తోక ముల్లులో విషముంటుంది. కానీ ఏరు సముద్రంలో కలిసే ఆ మొగలో, ఆటుకి నీరు వెనక్కి తీసే వేళ అలలు పడవల్ని తిరగేస్తాయి. ఆటుపోట్ల వేళలు చెప్పే ఉచిత యాప్ చూశాను. పోటుకింకా సమయముంది.

"బయటే ఆగండి" అన్నాను.

ఫోన్ పెట్టకుండానే మొగ ఒడ్డుకి పరుగెత్తాను. వెంట వచ్చిన అత్త నా చెయ్యి గుంజింది. "మీ మావ పేనం పోతంటే ఆగమంతావేటే?"

యాప్ చూపిన వేళ దాటిపోయింది. నీళ్లింకా సముద్రంలోకే లాగుతున్నాయి. ఆ లెక్క దూరంగా ఉన్న రేవుదని అప్పుడు గమనించాను. ఫోన్‌లో మావయ్య మూలుగు వినబడుతోంది.

"ఇంకాగలేం, వచ్చేత్తన్నాం!" అన్నారు మా ఆయన.

"ఇంకొంచెం ఆగండి" అని ఏడుస్తూ బతిమాలాను.

చివరికి నురగ ఏటిలోకి మళ్లింది. "ఇప్పుడు రండి!" అని అరిచాను. పడవ మొగ దాటి వచ్చింది.

పలాస ఆసుపత్రిలో మావయ్యకి చెయ్యి దక్కింది. కానీ ఆగమన్నది నేను. ఆయనకేమైనా అయ్యుంటే ఆ ఇంట్లో ఎలా బతికేదాన్నో అని ఇప్పటికీ అనుకుంటాను.