అమ్మ ఆవును పాలకేంద్రానికి తోలుకొచ్చిన రోజు

నిన్న మదనపల్లెలో పాతసామాన్ల అంగట్లో ఒక లాక్టోమీటర్ కనిపించింది. పుంగనూరు పక్క పల్లెల్లో పెరిగిన మా ఈడు వాళ్లకు గుర్తుందా, పాలలో నీళ్లు కలిపారో లేదో తేల్చే ఆ గాజుగొట్టం? అది మునిగితే ఇంటి పరువూ దాంతోపాటే మునిగేది.

ఒకరోజు పొద్దున అది మా పాలలో మునిగింది.

"నీళ్లు కలిపినావు కదమ్మా!" అన్నాడు పాలకేంద్రం గుమస్తా, వరుసలో అందరూ వింటుండగా. అమ్మ కుప్పం నుంచి కోడలిగా వచ్చింది మొదలు ఇల్లు, పిల్లలు, పాడి తప్ప వీధి మొహం చూడని మనిషి.

సాయంత్రం ఆవునే కేంద్రానికి తోలుకొచ్చింది. దూడ తాడు నా చేతిలో ఉంది. అందరి కళ్లముందూ కేంద్రం వాళ్ల గిన్నెలోనే పాలు పిండింది. గుమస్తా గొట్టం వేశాడు. మళ్లీ మునిగింది!

"నీళ్లు యాడ కలిపినానో సూపించప్పా," అంది అమ్మ.

జనం గొల్లున నవ్వారు. వరుసలోని ముసలాయన కలగజేసుకున్నాడు. "పాలు వెచ్చగా ఉండాయి కదప్పా, సల్లారనీ. వెచ్చటి పాలల్లో అది మునగతాది."

మా ఇల్లు కేంద్రం వెనకే. ఆ పొద్దున నురగ ఆరకముందే పాలు తెచ్చివ్వడమే అమ్మ చేసిన తప్పు! చల్లారిన పాలలో గొట్టం ఠీవిగా తేలింది.

"తప్పయిపోయిందమ్మా," అన్నాడు గుమస్తా.

పక్కసందులో నాలుగడుగులు వేస్తే మా ఇల్లు. అమ్మ మాత్రం ఆ రోజు ఆవును నడివీధిలోంచి ఊరంతా చుట్టి ఇంటికి తోలుకొచ్చింది.