ఎడమ దిక్కు జూపిన డాక్టరమ్మ

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, సైదాబాద్, మీర్‌పేట్ దిక్కుల ఉండేటి అక్కలకు, అన్నలకు తెలియజేసేది ఏందంటే: చీరల దుకాణంల కూసొని చీరలు ఇప్పి జూపెట్టే నా మెడ, ఇయ్యాల పొద్దుగాల అద్దం ముంగట, కుడి దిక్కు ఎంత తిరుగుతదో ఎడమ దిక్కు గూడ గంతే తిరిగింది. ఎవ్వరు పరేషాన్ కావద్దు. మెట్రో బంద్ లేదు, బడులకు సెలవు లేదు.

గీ వార్త అందరికంటే ముందుగాల చెప్పాల్సిన మనిషి మాత్రం లేదు. ఎల్బీనగర్ల మెడలు, నడుములు సక్కజేసే మా డాక్టరమ్మ పోయిన నెల పోయింది. మధ్యాహ్నం దాక పేషెంట్లను జూసి, ఇంటికి పోయి, జరసేపు ఒరుగుత అని పండుకున్నదట. మళ్ల లేవలే. ఆమె బిడ్డ ఫోన్ జేసి, "రేపు మీరు రావద్దండీ" అన్నది. "ఏందమ్మా, నా మెడ మీద అలిగిందా మీ అమ్మ?" అని నవ్వుకుంట అడిగిన. "అమ్మ నిద్ర లేవలేదండీ" అన్నది. గప్పుడు నాకు సమజైంది.

నా సంగతి జర చెప్పాలె. ఏడో తరగతి కాడ బడి ఇడిసిపెట్టి దిల్‌సుఖ్‌నగర్ల చీరల దుకాణంల చేరిన. తెల్ల పరుపు మీద కూసునుడు, ఒంగుడు, చీర ఇప్పి పరుసుడు, మడత పెట్టుడు, గిదే బతుకు. చీర భుజం మీదేసుకొని, కొంగు ఎడమ చేతి మీద పరిచి, మెడ గటు తిప్పి, "జూడక్కా, నాకు గింత మంచిగుంటే నీకెట్లుంటదో" అంటే నవ్వని ఆడామె లేదు. నవ్వినామె ఒట్టి చేతులతోని పోదు.

గన్నేండ్లు ఒంగితే నడుము ఊకుంటదా? నడుము గుంజుడు, మెడ పట్టుడు. దానికి నేను జేసిన వైద్యం ఏందో తెలుసా? కటింగ్ అయినంక సెలూన్ల మెడ టక్కుమనిపిచ్చుకునుడు. కటింగ్ జేసేటాయన గదుమ పట్టుకొని అటొకసారి, ఇటొకసారి తిప్పుతడు. మన దగ్గర సగం మంది మగోళ్ల మెడలకు గదే దవాఖాన. ఒకనాడు అటు టక్కుమన్నది, ఇటు రాలే. మెడ కుడి దిక్కే ఆగిపోయింది.

షేర్ ఆటోల కూసుంటే కుడి పక్కనున్న ఆమె గరమైంది. "ఏంది గట్ల జూస్తున్నవ్? నా మొఖం మీద ఏమన్న రాసి ఉన్నదా?"

ఎడమ పక్క నా పెండ్లాము కూసున్నది. "నిన్ను గాదమ్మా, ఆయనకు మెడ పట్టింది. పెండ్లైన కాంచి నా దిక్కు జూసింది లేదు, ఇగ మొత్తానికే జూడడు" అన్నది. ఆటో అంత నవ్వింది. నేను గూడ నవ్విన, కుడి దిక్కు.

దుకాణంల మాత్రం నవ్వులు బందైనయ్. సేటు కొన్ని దినాలు ఓపిక పట్టిండు. "అన్నా, గిరాకీ ఎడమ పక్క కూసుంటే నువ్వు గోడతోని మాట్లాడుతున్నవ్. కొంగు ఒక దిక్కు, నీ మొఖం ఒక దిక్కు. శ్రావణమాసం లోపల సక్కగైతే పరుపు మీద కూసో. లేకుంటే గేటు కాడ తలుపు తియ్యి. జీతం గదే ఇస్త." మంచోడే, తప్పు పట్టను. కానీ తలుపు తీసెటోడు జోకేస్తే ఎవలు ఆగి ఇంటరు? చీర భుజం మీద ఉంటేనే నేను నేను.

గప్పుడు నా పెండ్లాము గుంజుకపోయింది ఎల్బీనగర్‌కు. బోర్డు మీద కైరోప్రాక్టిక్ అని ఉండె. నాకు పలుకరాక మెడ డాక్టరమ్మ అన్న, అదే ఖాయమైంది. పొట్టి మనిషి, ఆంధ్ర దిక్కు నుంచి ఎప్పుడో వచ్చి ఈడనే పాతుకపోయింది. కండ్లద్దాలు తాడుకు ఏలాడుతుండె.

"డాక్టరమ్మా, ఇటొక్కసారి టక్కుమనిపియ్యి, పోత" అన్న.

"మెడండీ అది, గోలీసోడా కాదు" అన్నది.

చేతులు తిమ్మిరెక్కుతున్నయా, కండ్లు తిరుగుతున్నయా అని అన్ని అడిగింది. ఎక్స్‌రే తీయించి రమ్మన్నది. "ఈసారి మీ సెలూన్ ఆయన్ని జుట్టు దగ్గరే ఆగమనండి" అన్నది. ముందు కొన్నిసార్లు మెడ జోలికే పోలే. కాపడం పెట్టి, ఈపు ఒత్తి, నడుముకు వ్యాయామం నేర్పింది. నడుము జర దారికొచ్చింది. మెడ వంతు అప్పుడొచ్చింది.

మెడకు ఆమె పద్ధతి ఏరే. పర్ద అవతల పేషెంట్లను ఆమె అడిగేది నేను ఇవతల కూసొని ఇంటుండె. "నిన్న ఏం కూర వండారండీ?" "సొరకా..." టక్. "మీ అబ్బాయికి ఏ కాలేజీలో సీటొచ్చిందీ?" "ఇంకా రా..." టక్. ఎవ్వరి జవాబు పూర్తి గాలే. మనిషి జవాబు ఎతుక్కునేటప్పుడు మెడ బిగబట్టుడు మరుస్తడు, గా సందుల తిప్పుతుండె.

నన్ను పండబెట్టి, తలకాయ రెండు చేతులల్ల పట్టుకొని, "నిన్న ఏం కూరండీ?" అన్నది. నేను మెడ ఇనుప రాడ్ లెక్క జేసిన.

"డాక్టరమ్మా, గీ ఆట నా కాడ నడవది. గిరాకీ ధర అడిగేటప్పుడు పెండ్లి ఎవలిదక్కా అని మాట మళ్లించుడు నా రోజు పని."

"అయ్యో, మీరూ మా బాపతేనా!" అని పకపక నవ్వింది. చేతులు తీసేసింది. "బిగబడితే మాత్రం నేను తిప్పనండీ. బలవంతం నా చేత కాదు."

పోయినప్పుడల్ల గదే ఆట. ఆమె కొత్త ప్రశ్న తెస్తది, నేను తయారుంట. మీ పెండ్లి రోజు ఎప్పుడు అని అడిగింది. నా పెండ్లాము పక్కనే ఉండె, నిజంగ చెమటలు పట్టినయ్, అయినా మెడ ఇడువలే. ఇద్దరం మస్తు నవ్వుకున్నం. మెడ మాత్రం తిరగలే.

శ్రావణం దగ్గరపడ్డది. సేటు గేటు కాడి డ్రెస్సుకు నా కొలతలు తీయించిండు, టోపీతో సహా. గా దినం పోయి నోరు తెరువకుంట పండుకున్న.

"ఏంటండీ, ఇవాళ జోకుల్లేవు?"

టోపీ సంగతి చెప్పిన. నా తలకాయ కింద చేతులు పెట్టింది. "సరే, ఇవాళ నేనేం అడగను. మీరే ఏదైనా అడగండి."

నవ్విద్దామనే అడిగిన. "అందరి మెడలు నువ్వు తిప్పుతవ్. నీ మెడ పడితే ఎవలు తిప్పుతరు డాక్టరమ్మా?"

ఆమె చేతులు నా తలకాయ కిందనే ఉన్నయ్. నిదానంగ చెప్పింది. "మావారికి ఈ వైద్యం రాదండీ. కానీ నాకు మెడ పట్టేసినప్పుడల్లా, ఎటు తిరగడం లేదో అటు వచ్చి నిలబడి కబుర్లు చెప్పేవారు. ఆయన్ని చూడాలంటే తిరగాలిగా. అలా కొంచెం కొంచెం తిరిగేది."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు అటువైపు ఎవరూ లేరండీ."

టక్. గట్టిగ గూడ కాదు, అప్పడం ఇరిగినంత.

లేసి కూసున్న. ఎడమ దిక్కు తిరిగితే, పూర్తిగ కాకున్నా, తోడొచ్చిన నా పెండ్లాము కనపడ్డది. "ఏంది, కొత్తగ జూస్తున్నవ్?" అన్నది గానీ కండ్లు తుడుసుకున్నది.

"డాక్టరమ్మా, సారు సంగతి నిజమా, నా మెడ కోసం అల్లినవా?" అని అడిగిన.

"మెడ తిరిగిందా లేదా?"

"తిరిగింది."

"మరి ఇంటికెళ్లి వ్యాయామం చేయండి."

శ్రావణంల పరుపు మీదనే కూసున్న. టోపీ ఇప్పటికి స్టాక్ రూముల మేకుకు ఏలాడుతున్నది. ఒక్క టక్కుతోని అంత అయిపోలే, వ్యాయామం ఇడువకుంట జేసిన, నడుమ నడుమ ఆమె కాడికి పోయిన. నొప్పి పోయింది అంటే కోప్పడుతుండె. "పోయింది అనకండి, తగ్గింది అనండి. పోయింది అంటే దానికి రోషమొచ్చి మళ్లీ వస్తుంది."

ఒకసారి మా దుకాణంకు ఒచ్చింది. నూలు చీర భుజం మీదేసుకొని చేతులు పైకెత్తి, ఒంగి, పట్టేస్తలేదని జూసి తీసుకున్నది. పోయేముందు మా అందరి కింద గట్టి దిండ్లు ఏయించింది, మధ్యలేసి మెడలు తిప్పాలని నేర్పింది. ఇప్పటికి మధ్యాహ్నం మేమందరం ఒక్కసారే మెడలు అటు ఇటు తిప్పుతం. గిరాకీలేమో ధర తగ్గియ్యం అంటున్నరనుకుంటరు.

ఆమె పెద్ద దినం భోజనాలకు ఎల్బీనగర్‌కు పోయిన. హాలుల ఫోటో ఎడమ దిక్కు పెట్టిన్రు. తిరిగి జూసిన. ఏం నొప్పి లేదు. ఆమె బిడ్డనే ఇగ క్లినిక్ నడుపుతదట. నా కాడికొచ్చి చేతులు పట్టుకొని, "భోంచేశారా అండీ? ఏం కూర నచ్చింది?" అన్నది. నా మెడ దానంతటదే వదులైంది. మీ నాయిన నిజంగ గట్ల నిలబడుతుండెనా అని అడుగుదామనుకున్న. అడగలే.

ఇగ నేను ఏవి కల్పించిన్నో చెప్త. ఆటోల ఆమె గరం కాలే, జర పక్కకు జరిగింది, గంతే. నా పెండ్లాము అన్న మాట నిజమే గానీ ఇంటికొచ్చినంక అన్నది. డ్రెస్సు కొలతలు నిజం, టోపీ, మేకు నేను అల్లినయ్. గోలీసోడా మాట మాత్రం డాక్టరమ్మదే, నాకు గంత తెలివి లేదు. సారు సంగతి ఆమె కల్పించిందో లేదో చెప్పకుంటనే పోయింది.

ఇంకొకటి. ఫోటో ఎడమ దిక్కు లేకుండె. హాలు నడుమనే పెట్టిన్రు, కుర్చీలన్ని ఎదురుంగ ఏసిన్రు. నేనే ఒక కుర్చీ తీసుకొని, ఫోటో నాకు ఎడమ దిక్కు అయ్యేటట్టు గోడ పక్కకు పోయి కూసున్న.