మౌలాలీ గుట్ట మీద యాకూబ్ ఉస్తాద్

యాకూబ్ ఉస్తాద్ కన్నుమూశారన్న కబురు మొన్న శుక్రవారం బోయిన్‌పల్లిలోని నా దుకాణానికి వచ్చింది. చిలకలగూడ నుంచి సైకిల్ మీద వచ్చిన ఆయన బావమరిది గుమ్మంలో నిలబడి ఆ ఒక్క మాటా చెప్పి తల దించుకున్నాడు. నాలుగు రోజుల జ్వరమట. ఫొటోకు కూర్చోబెట్టిన పెళ్లిజంటను అలాగే వదిలేసి వీధిలోకి వచ్చేశాను. ఎండ కాస్తోంది. ఇంత వెలుగు ఉండగా ఆయన లేకపోవడమేమిటో నా బుర్రకెక్కలేదు.

రాంగోపాల్‌పేట్‌లో ఆయన స్టూడియో తెలియనివారు అరుదు. అక్కడ తీసే పెళ్లి ఫొటోలు జీవనోపాధి మాత్రమే. ప్రాణమంతా ఆకాశం మీద. వారానికి రెండు మూడు సార్లు వేకువనే మౌలాలీ గుట్ట ఎక్కేవారు. కెమెరా, దాన్ని నిలబెట్టే ముక్కాలి స్టాండు ఆయన భుజాన. బొమ్మ పడే గాజు పలకల సంచి ఆయన భార్య చేతిలో. ఆమెను నేను పిన్ని వరసలో చాచీ అనేవాణ్ణి. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న నేనూ అప్పుడప్పుడు వెంట వెళ్లేవాణ్ణి.

ఆ వేళ గుట్ట మీది నుంచి చూస్తే కింద మంచులో రైలుపట్టాలు సన్నగా మెరిసేవి. తూర్పున అరుణిమ మెల్లమెల్లగా మబ్బుల అంచులకు పాకేది. ఉస్తాద్ కెమెరా మూత మీద చెయ్యి వేసి చాచీ వైపు చూసేవారు. ఆమె "ఇగ తియ్యుండ్రి" అన్నాకే మూత తీసేవారు. వెలుగు మారడం తనకంటే ఆమెకే ముందు తెలుస్తుందని ఆయన అచంచల విశ్వాసం.

ఆ పలకల మీద నేల బాగా పడితే ఆకాశం తెల్లగా వెలిసిపోతుంది. అందుకే ఆయన ఒకే చోట, ఒకే గడియలో నేలకొక పలక, ఆకాశానికొక పలక తీసి, రెంటినీ ఒకే కాగితం మీద అచ్చువేసేవారు. ఒకసారి ఒక దొరగారి తోట ఫొటోకు నేను మరో రోజు తీసిన అందమైన మబ్బును అతికించాను. మెచ్చుకుంటారనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! ఆయన కాసేపు చూసి, "చెట్టు నీడ ఇటు, మబ్బు ఎలుగు అటు. ఆ దినం రెండు పొద్దులు పొడిసినయా ఏంది, నర్సింలూ?" అని చించేశారు. ఏ నేలకు ఆ నాటి ఆకాశమే ఉండాలన్నది ఆయన ధర్మం.

ఏడేళ్ల కిందట, భారత సైన్యం సంస్థానంలోకి దిగిన పోలీసు చర్య ముగిసిన వారంలో ఇళ్లల్లో సోదాలు మొదలయ్యాయి. చాచీని ఆమె అన్నగారింట దింపి రావడానికి ఉస్తాద్ వెళ్లారు. స్టూడియో తాళంచెవి నా దగ్గరుంది. విమానాలు తిరిగిన ఆకాశాన్ని ఫొటో తీసినవాణ్ణి గూఢచారి కింద పట్టుకుపోతున్నారని బజారులో పుకారు. ఉస్తాద్‌నూ పట్టుకుపోతారనుకున్నాను. వేన్నీళ్లు కాచి, చాకలిసోడా కలిపి, రెండు పెట్టెల ఆకాశ పలకలనూ ఒక్కొక్కటిగా రుద్ది కడిగేశాను. పాత పలకలను కడిగి పటాలకు అద్దాలుగా వాడుకోవడం మా వృత్తిలో మామూలే. ఏళ్ల తరబడి వాళ్లిద్దరూ చూసిన ఉషస్సులు మడ్డినీళ్లయి మోరీ కాలువలో కలిసిపోయాయి. ఆ తర్వాత సోదాకు ఎవరూ రాలేదు.

మర్నాడు ఉస్తాద్ వచ్చి ఒక పలక ఎత్తి కిటికీకి ఎదురుగా పట్టుకున్నారు. అవతలి గోడ తప్ప అందులో ఏమీ లేదు. ఏడుస్తూ కాళ్ల మీద పడ్డాను. నన్ను లేపి కూర్చోబెట్టారు.

"నన్ను కాపాడాలనే కడిగినవ్, నాకెర్కనే. మీ చాచీకి నేనే కడిగిన్నని చెప్తా. నువ్ నోరు తెర్వకు. తెరిస్తే మా ఇంట్ల నీకు బువ్వ బంద్ అయితది."

తల్లీతండ్రీ లేని నాకు ఆ ఇంటి అన్నమే ఆధారం. నోరు మూసుకున్నాను.

చాచీ ఆయనతో పోట్లాడలేదు. అంత పిరికివాడని అనుకోలేదని మాత్రం అన్నదట. ఆ తర్వాత ఆమె గుట్ట ఎక్కలేదు. ఈ ఏడేళ్లూ ఉస్తాద్ ఒంటరిగానే వెళ్లారు. కొత్త పలకలు తెచ్చి చూపబోతే ఆమె పొయ్యి దగ్గర పనుందని లేచిపోయేది. ఒకనాడు ఆయనకు తెలియకుండా వెనకే గుట్ట ఎక్కాను. కెమెరా మూతపై చెయ్యి వేసి ఆయన పక్కకు తిరిగి చూడటం నేను కళ్లారా చూశాను. చాచీ నిలబడే చోట ఎవరూ లేరు. వెలుగు మారిపోయింది. అయినా నేను చాచీకి నిజం చెప్పలేదు. ఈద్ నాడు ఆమె వడ్డించిన సేమ్యా తిని ఇంటికి వచ్చేవాణ్ణి. సిగ్గులేని జన్మ.

నిన్న వెళ్లి చాచీకి చెప్పాను. భర్త పోయిన ఆడవాళ్లు పాటించే దీక్షలో ఉన్నందున ఆమె పరదా అవతల కూర్చున్నది. అంతా విన్నది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది.

"ముందుగాల ఒక్క మాట చెప్పకపోతివి బిడ్డా," అన్నది. "ఆయనెంబడి గుట్ట ఎక్కుతుంటి."

అటువంటి ఛాయాచిత్రకారుడు ఈ నగరానికి మళ్లీ దొరకడు. అటువంటి గురువు నాకు ఏ జన్మలోనూ దొరకడు. ఆయన పాదాలు తలుచుకునే అర్హత నాకు లేదు. అయినా తలుచుకుంటూ, ఆ పలకలు కడిగింది ఆయన కాదని, నేనని, ఇది చదివే ఇందరి ముందు చెబుతున్నాను.