తేదీలు కోసేసిన హిమానీనదం

రామచంద్రపురం కాలేజీలో భూగోళశాస్త్రం చెప్పే యెహెజ్కేలు మాస్టారికి కోపం వస్తే ముందు చెవులు ఎర్రబడతాయి. అది చూసి వెనక బెంచీవాళ్లు కూడా పుస్తకాలు తెరుస్తారు. ఆయన జేబులో ఎప్పుడూ ఒక భూతద్దం, మొన అరిగిన ఎర్ర పెన్సిల్ ఉంటాయి. మంచుకొండల్ని కంటితో ఎన్నడూ చూడలేదు. కానీ ఉపగ్రహం తీసిన ఫోటో దొరికితే చాలు, ఇది మబ్బు, ఇది మంచు అని గీతలు గీస్తూ అన్నం చల్లార్చుకుంటారు. హైదరాబాదులోని ఉపగ్రహ చిత్రాల కేంద్రానికి ఉత్తరాలు రాసి రాసి రెండు ఫోటోలు తెప్పించుకున్నారు. రెండింట్లోనూ ఒకటే హిమానీనదం. ఒకటి తొంభైలో తీసింది, రెండోది తొంభై ఎనిమిదిలో. ఆ ఎనిమిదేళ్లలో మంచు బాగా వెనక్కి తగ్గింది.

కాలేజీ వార్షికోత్సవానికి ప్రిన్సిపాల్ వాటికి ఫ్రేములు కట్టించారు. ఫ్రేములు కట్టే బుల్లబ్బాయి కింద తేదీలున్న అంచు శుభ్రంగా కోసేశాడు. మాస్టారు కేకలేస్తే, “క్యాలెండర్ దేవుళ్లకి అలాగే కోస్తామండి. పటానికి తేదీ ఎందుకండి?” అన్నాడు. వేదిక మీద తగిలించినవాళ్లకు ఏది ముందుదో తెలియక కొత్త ఫోటోని ఎడమవైపు పెట్టారు. ముఖ్య అతిథి ఎడమ నుంచి కుడికి చూసి, మైకులో, “మంచు ఎంత పెరిగిందో చూశారా! ఇంక దేశంలో నీళ్లకి లోటుండదండి” అన్నారు. హాలంతా చప్పట్లు. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. వేదికెక్కి, రెండు ఫ్రేములూ మేకుల నుంచి తీసి, అటుది ఇటు, ఇటుది అటు తగిలించి, మైకు లాక్కున్నారు.

“ముందుది ఇది, తర్వాతది అది. ఇప్పుడు కొట్టండి చప్పట్లు!”